వంపు నిలకడకు వచ్చేదాకా ఆగడం: పెరోనీ వ్యాధికి నేను చేయించుకున్న చికిత్స

2023 జనవరిలో, సంక్రాంతి సెలవులు ముగిసి కళాశాలలు తెరిచిన వారంలో, స్తంభన కలిగినప్పుడల్లా అంగం మధ్యభాగంలో ఒకేచోట నొప్పి రావడం మొదలైంది. మామూలుగా ఉన్నప్పుడు ఏమీ తెలిసేది కాదు. వేలితో తడిమితే పైభాగంలో, చర్మం కింద, చింతగింజ పరిమాణంలో గట్టిగా ఏదో తగిలేది. నాకు అప్పటికి యాభై ఒక్క ఏళ్ళు. ఖమ్మంలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో గణితం చెబుతాను. ఏడేళ్ళుగా షుగర్ ఉంది. దెబ్బ తగిలిన జ్ఞాపకం లేదు. గట్టిగా ఏదైనా తగిలితే మనసు ముందుగా క్యాన్సర్ వైపే పోతుంది కనుక, నేనూ ఆ నెలంతా అదే ఆలోచనతో గడిపాను.

వంపును ముందుగా గమనించింది నా భార్య. ఫిబ్రవరి చివరలో ఒక రాత్రి, "ఏమండీ, ఇది ఇదివరకు ఇలా లేదు కదా, పైకి తిరిగిపోతోందేమిటి?" అని ఆమె అడిగినప్పుడు, నొప్పి ఒక్కటే అనుకుంటున్న నాకు రెండో సంగతి తెలిసింది. మార్చిలో ఇంటర్ పరీక్షల పని ఉండటంతో, ఏప్రిల్ మొదటి వారంలో మా ఇంటికి దగ్గరలోని వైద్యుడి దగ్గరకు వెళ్ళాను. ఆయన నిలబడే విని, చూడకుండానే విటమిన్ ఇ గుళికలు, నొప్పి మాత్రలు రాసి, "వయసు మీద పడుతోంది కదా మాస్టారూ" అని పంపేశారు. నెల రోజులు వేసుకున్నాను. వంపు పెరగడం ఆగలేదు.

మే నెలలో ఖమ్మంలోనే ఒక యూరాలజిస్ట్‌ను కలిశాను. అక్కడ నాకు ఎదురైన మొదటి ఇబ్బంది జబ్బుకు సంబంధించింది కాదు, రిసెప్షన్‌కు సంబంధించింది. నా వెనక పదిమంది కూర్చుని ఉండగా, "ప్రాబ్లం ఏంటి సార్?" అని ఆ అమ్మాయి గట్టిగా అడిగింది. "యూరిన్ సమస్య" అని చెప్పి తప్పించుకున్నాను. ఆ తరువాత ఎక్కడికి వెళ్ళినా "డాక్టరు గారితో మాత్రమే చెప్పవలసిన విషయం" అని ఒక చీటీ మీద రాసి ఇచ్చేవాణ్ణి. ఎవరూ మళ్ళీ అడగలేదు. లోపల యూరాలజిస్ట్ గారు రెండు నిమిషాలు చేత్తో పరీక్షించి, ఇది పెరోనీ వ్యాధి అని, క్యాన్సర్ కాదని, అంటువ్యాధి కాదని, నా నుంచి భార్యకు గాని ఆమె నుంచి నాకు గాని వచ్చింది కాదని వరుసగా చెప్పారు. ఆ మూడు మాటలూ నేను అడగకముందే చెప్పినందుకు ఆయనకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. తమ దగ్గర దీనికి కావలసిన పరీక్షా సౌకర్యం లేదని, హైదరాబాదులో పురుష సమస్యలు మాత్రమే చూసే ఆండ్రాలజిస్ట్ దగ్గరకు వెళ్ళమని ఉత్తరం రాసిచ్చారు. ఫీజు ఆరు వందలు.

హైదరాబాదులో అపాయింట్‌మెంటు దొరకడానికి మూడు వారాలు పట్టింది. జూన్ మూడో వారంలో ఇద్దరం పొద్దున శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాదులో దిగాము. స్టేషన్ దగ్గరపడుతుండగా పట్టాల పక్క గోడలనిండా కనిపించే గుప్తరోగాల ప్రకటనలను అంతకుముందు వందసార్లు చూసి ఉంటాను గాని, ఆ రోజు మాత్రం ఒక్కొక్కటీ చదివాను. వాటిలో ఒకదానిలో "వంకర నివారణ, గ్యారంటీ" అని ఉంది. నా భార్య కిటికీ షట్టరు దించేసింది.

ఆండ్రాలజిస్ట్ గారు ముందుగా అడిగింది నా అరచేతులు చూపించమని. ఎందుకో అర్థం కాక రెండు చేతులూ చాపాను. తరువాత, మా ఇంట్లో ఎవరికైనా వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉండేవా అని అడిగారు. మా నాన్నగారి ఉంగరపు వేలు చివరి పదేళ్ళూ అరచేతిలోకి వంగిపోయి, చాచినా చాచుకునేది కాదు. పొలం పనుల వల్ల అలా అయిందని మేమంతా అనుకునేవాళ్ళం. దానికి డ్యుపిట్రెన్ కాంట్రాక్చర్ అని పేరుందని, అరచేతిలో మచ్చకణజాలం గట్టిపడి అలా జరుగుతుందని, ఆ ధోరణి ఉన్న కుటుంబాలలో పెరోనీ వ్యాధి కూడా కనిపిస్తుంటుందని, షుగర్ ఉన్నవారికి రెండూ రావచ్చని ఆయన వివరించారు. మా నాన్న వేలికీ నా కష్టానికీ సంబంధం ఉండవచ్చని విన్నప్పుడు నాకు వింతగా అనిపించింది. దీనికి కారణం నా నడవడి కాదన్న సంగతి అప్పుడే మనసుకు పూర్తిగా ఎక్కింది.

ఆయన జబ్బును వివరించిన తీరు ఇద్దరికీ అర్థమైంది. అంగం లోపల రక్తం నిండే రెండు గొట్టాల చుట్టూ గట్టి పొర ఒకటి ఉంటుందట. దానికి మనకు తెలియకుండానే చిన్న చిన్న గాయాలు తగిలి, అవి మానే క్రమంలో ఒక్కోసారి సాగని మచ్చ మిగులుతుందట. "సైకిల్ ట్యూబుకు ఒకవైపు పంచర్ అతుకు వేసి గాలి కొట్టండి, అతుకు ఉన్న చోట సాగదు గనుక ట్యూబు అటువైపే వంగుతుంది, మీదీ అంతే" అన్నారు. పదిహేనో లూయీ రాజుకు శస్త్రవైద్యుడైన ఫ్రాంస్వా ద లా పెరోనీ 1743లోనే దీని గురించి రాశాడని కూడా చెప్పారు. ఇంత పాత జబ్బుకు మన ఊళ్ళో చాలామంది వైద్యుల దగ్గర మాట లేకపోవడమేమిటని నాకు కోపం వచ్చింది.

అదే రోజు మధ్యాహ్నం, రక్తప్రసరణను చూసే డాప్లర్ స్కానింగ్ చేశారు. దీని గురించి ఎవరూ ముందుగా వివరంగా చెప్పరు కనుక నేను రాస్తాను. వంపును కొలవాలంటే స్తంభన ఉండాలి. అందుకు అంగం పక్కభాగంలో సన్నని సూదితో మందు ఎక్కిస్తారు. ఇన్సులిన్ సూది అంతే ఉంటుంది, చీమ కుట్టినంత నొప్పి. పది నిమిషాలలో, మనసులో ఎలాంటి కోరికా లేకుండానే, ఏసీ గదిలో ముగ్గురు మనుషుల మధ్య స్తంభన కలుగుతుంది. నాకు చెమటలు పోశాయి. "సిగ్గుపడకండి సార్, మాకు రోజూ ఉండేదే" అని మేల్ నర్సు అన్నాడు. రక్తం వచ్చే వేగం, నిలిచే తీరు స్కానింగ్‌లో చూసిన తరువాత, డాక్టరు గారు కీళ్ళ వంపు కొలిచే పారదర్శకమైన ప్లాస్టిక్ కోణమానిని తీసుకుని వంపు కొలిచారు. నలభై అయిదు డిగ్రీలు, పైకి, కొంచెం ఎడమకు. మచ్చ పద్దెనిమిది మిల్లీమీటర్లు, సున్నం పట్టలేదు, రక్తప్రసరణ బాగుంది. ముప్పై ఏళ్ళుగా నల్లబల్ల మీద కోణాలు గీసే నాకు ఆ అంకె చాలాకాలం తలలో తిరిగింది.

పరీక్ష అయ్యాక వెంటనే ఇంటికి పంపరు. స్తంభన తగ్గేదాకా పక్క గదిలో కూర్చోబెడతారు. నాకు గంటన్నర దాటినా తగ్గకపోతే, దాన్ని తగ్గించే మందు మరొక సూదితో ఇచ్చారు. ఇంటికి వెళ్ళాక మళ్ళీ వచ్చి నాలుగు గంటలకు మించి నిలిస్తే, అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి రావాలని గట్టిగా హెచ్చరించి, ఒక ఫోన్ నంబరు రాసిచ్చారు. అందువల్ల ఆ రాత్రి ఖమ్మం వెళ్ళకుండా లాడ్జిలో ఉండిపోయాము. అవసరం పడలేదు గాని, దూరం నుంచి వెళ్ళేవారు ఆ రాత్రికి హైదరాబాదులోనే బస చూసుకోవడం మంచిది. స్కానింగ్‌కు నాలుగున్నర వేలు, కన్సల్టేషన్‌కు తొమ్మిది వందలు అయ్యాయి.

వెంటనే ఆపరేషన్ చేసి సరిచేస్తారన్న ఆశతో వెళ్ళిన నాకు, డాక్టరు గారు చెప్పిన సమాధానం మింగుడు పడలేదు. ఈ జబ్బుకు రెండు దశలుంటాయట. మొదటి దశలో నొప్పి ఉంటుంది, వంపు మారుతూ ఉంటుంది. అది ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర సాగుతుంది. రెండో దశలో నొప్పి పోయి, వంపు ఎక్కడికక్కడ నిలిచిపోతుంది. మారుతున్న దశలో కోస్తే ఈరోజు సరిచేసినది రేపు మళ్ళీ వంగుతుంది కనుక, మొదలై కనీసం ఏడాది గడిచి, ఆ పైన మూడు నుంచి ఆరు నెలలపాటు వంపులో ఏ మార్పూ లేదని తేలితేనే కత్తి పట్టుకుంటానని ఆయన చెప్పారు. దానంతట అదే తగ్గుతుందా అని నా భార్య అడిగింది. కొద్దిమందికే తగ్గుతుందని, ఎక్కువమందికి అలాగే నిలిచిపోవడమో పెరగడమో జరుగుతుందని నిజమే చెప్పారు.

విటమిన్ ఇ ఆపేయమన్నారు; దానివల్ల వంపు తగ్గదని తేలాక అమెరికా యూరాలజిస్టుల సంఘం 2015 మార్గదర్శకాలలో దాన్ని ఇవ్వవద్దనే చెప్పిందట. రక్తప్రసరణకు ఇచ్చే పెంటాక్సిఫిలిన్ మాత్ర రోజుకు మూడుసార్లు, స్తంభన సమస్యకు వాడే టడాలఫిల్ అయిదు మిల్లీగ్రాములు రాత్రికి ఒకటి రాశారు. మొదటిది వికారం పెట్టేది, తిన్న వెంటనే వేసుకుంటే సర్దుకుంది. రెండోదాన్ని మా వీధి మెడికల్ షాపులో కొనలేను కనుక హైదరాబాదు నుంచే తెచ్చుకునేవాణ్ణి. షుగర్ మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 8.6 ఉంది. దాన్ని ఏడు దగ్గరకు తీసుకురాకపోతే ఆపరేషన్ ఊసే ఎత్తవద్దన్నారు.

కొల్లాజినేస్ అనే ఇంజెక్షన్ గురించి నేను చదివి వెళ్ళాను. మచ్చను కరిగించే ఆ మందుకు అమెరికాలో ఈ జబ్బు కోసం 2013 డిసెంబరులో అనుమతి వచ్చింది. ముప్పై డిగ్రీలకు మించి వంపు ఉన్నవారికి రెండేసి ఇంజెక్షన్ల చొప్పున నాలుగు విడతలు ఇస్తారు. పరీక్షలలో సగటున 34 శాతం వంపు తగ్గిందని, ఉత్తుత్తి మందు ఇచ్చినవారికి కూడా 18 శాతం తగ్గిందని డాక్టరు గారు చెప్పారు. ఐరోపాలో కంపెనీయే 2020లో ఆ మందును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. ఇక్కడ తనకు తెప్పించే మార్గం లేదన్నారు. నా నలభై అయిదులో మూడోవంతు తగ్గినా ముప్పై మిగులుతుందని లెక్క వేసుకుని, ఆ ఆశను అక్కడితో వదిలేశాను.

దానికి బదులు, మామూలుగా రక్తపోటుకు వాడే వెరపమిల్ అనే మందును మచ్చలోకి ఎక్కించే ఇంజెక్షన్లు ప్రయత్నిద్దామన్నారు, ఫలితం గురించి హామీ లేదని ముందే చెప్పి. జూలై నుంచి అక్టోబరు మొదలుదాకా, రెండు వారాలకొకసారి వెళ్ళి చేయించుకున్నాను. అంగం మొదలు దగ్గర మత్తు సూది ఇస్తారు, అదొక్కటే నొప్పి. ఆ తరువాత ఒకే సూదితో మచ్చలో అటూ ఇటూ చాలాసార్లు పొడుస్తూ మందు వదులుతారు. నొప్పి తెలియదు గాని, గట్టిదానిలోకి సూది దిగేటప్పుడు వచ్చే కరకర మాత్రం తెలుస్తుంది. తరువాత అయిదు నిమిషాలు నొక్కిపట్టి కట్టు కడతారు. వారం రోజులు నల్లగా కమిలిపోయేది. ఒక్కోసారికి మూడు వేల రెండు వందలు, రైలు ఖర్చులు, ఒకరోజు సెలవు. అక్టోబరుకు నొప్పి పూర్తిగా పోయింది. వంపు మాత్రం అరవైకి చేరింది. ఆ ఇంజెక్షన్లు లేకపోతే ఇంకా పెరిగేదా, నొప్పి దానంతట అదే పోయేదేనా అంటే నేను చెప్పలేను. డాక్టరు గారు కూడా తన గొప్పగా చెప్పుకోలేదు.

ఆ నెలల చివర్లో హైదరాబాదులో మరొక క్లినిక్‌కు కూడా వెళ్ళాము. అక్కడ ధ్వని తరంగాలు పంపే షాక్‌వేవ్ అనే యంత్రంతో ఆరు సిట్టింగులలో వంపు తీసేస్తామని, అరవై అయిదు వేలు ఒకేసారి కడితే అయిదు వేలు తగ్గిస్తామని అన్నారు. నన్ను పరీక్షించకముందే ప్యాకేజీ కాగితం చేతికి ఇచ్చారు. ఆ చికిత్స వల్ల నొప్పి తగ్గవచ్చేమో గాని వంపు తగ్గదని మా డాక్టరు గారు చెప్పగా, నాకు అప్పటికి నొప్పే లేదు కనుక, ఆ డబ్బు మిగిలింది.

ఫోటోల సంగతి విడిగా చెప్పాలి. నెలకొకసారి, పూర్తి స్తంభనలో, నిలబడి, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీసి పెట్టుకోమన్నారు. వంపు నిలిచిందా లేదా అన్నది ఆ ఫోటోలతోనే తేలుతుంది, ప్రతిసారీ సూది మందు ఇచ్చి కొలవలేరు కదా. "మీ ఫోనులో ఫోటోలు దానంతటవే క్లౌడ్‌లోకి వెళ్ళిపోతుంటాయి, ముందు అది చూసుకోండి సార్" అని ఆయన దగ్గరి జూనియర్ డాక్టరు చెప్పాడు. మా ఫోన్లన్నీ ఒకే ఖాతాకు కలిపింది మా అమ్మాయి. ఆమె బెంగళూరులో చదువుతోంది. ఆ రోజు రైలులో కూర్చుని, ఎలా ఆపాలో నేర్చుకుని ఆపేశాను. ఫోటోలు తీసింది నా భార్యే. మొదటిసారి ఇద్దరికీ నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. క్రమంగా అది కరెంటు మీటరు రీడింగ్ తీసినట్లు, ప్రతి నెలా మొదటి ఆదివారం చేసే పనిగా మారింది. వాటిని ఎవరికీ వాట్సాప్‌లో పంపలేదు. వెళ్ళినప్పుడు ఫోనులోనే చూపించాను.

పొడవు తగ్గకుండా ఉండేందుకు లాగిపట్టే పరికరం కూడా వాడమన్నారు. ఆన్‌లైనులో తొమ్మిది వేలకు దొరికింది. పెట్టె మీద ఏమీ రాసిలేదు, ఆ భయం అక్కర్లేదు. కొత్తరకం పరికరాలు రోజుకు అరగంట చొప్పున రెండుసార్లు పెట్టుకుంటే చాలట, నేను కొన్నది పాతరకం కావడంతో రోజుకు మూడు గంటలు పెట్టుకోవలసి వచ్చేది. లుంగీ కట్టుకుని కూర్చుంటే బయటికి కనిపించదు. సాయంత్రం ఎంసెట్ పిల్లలకు ఆన్‌లైనులో పాఠం చెప్పే సమయంలోనే పెట్టుకునేవాణ్ణి. కెమెరాలో నా ముఖమూ నల్లబల్లా మాత్రమే కనిపించేవి. మధ్యలో ఎవరైనా తలుపు కొడితే మాత్రం లేవలేక, "పాఠంలో ఉన్నాను" అని లోపలినుంచే అరిచేవాణ్ణి. ఎక్కువసేపు పెట్టుకుంటే చివర చల్లబడి రంగు మారుతుంది, వెంటనే తీసేయాలి.

2023 నవంబరు నుంచి ఫిబ్రవరిదాకా గడిచిన కాలం అన్నిటికన్నా కష్టమైనది. చేయవలసిన చికిత్స లేదు, చేయించుకోగల ఆపరేషన్ లేదు, ఊరికే ఆగాలి. కలయిక అప్పటికి అసాధ్యమైంది; ప్రయత్నిస్తే ఆమెకు నొప్పి, నాకు భయం. నేను మాట్లాడటం తగ్గించేశాను. ఇంట్లో అన్నం దగ్గర కూడా పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి. ఒక రాత్రి ఆమె, "ఆ జబ్బు నాకు అడ్డం కాదండీ, మీరు ఇలా గోడలాగా ఉంటే మాత్రం నేను బతకలేను" అంది. జనవరిలో వెళ్ళినప్పుడు ఆ మాటే డాక్టరు గారితో ఆమె చెప్పేసింది. ఈ జబ్బున్న మగవాళ్ళలో దిగులు చాలా మామూలు విషయమని చెప్పి, ఆయన ఒక మానసిక వైద్యురాలి దగ్గరకు పంపారు. ఫోనులో, వీడియోలో మాట్లాడే వీలుంది, గంటకు పన్నెండు వందలు. నేను ఆవిడతో మాట్లాడిన మాటలు ఇక్కడ రాయను గాని, మూడో నెలకు రాత్రి నిద్ర పట్టడం మొదలైంది.

2024 జనవరిలో వంపు అరవై అయిదు. ఏప్రిల్‌లో అరవై అయిదు. జూలైలో కూడా ఫోటోలు ఒకదాని మీద ఒకటి పెడితే తేడా లేదు. షుగర్ సగటు 7.1కి దిగింది. డాక్టరు గారు అప్పుడు రెండు దారులు చూపించారు. మొదటిది, వంపుకు ఎదురుగా ఉన్న పొడవు వైపును కుట్లతో ముడిచి, పొట్టి వైపుకు సమానం చేయడం. స్తంభన దెబ్బతినే అవకాశం తక్కువ, పొడవు మాత్రం కొంత తగ్గుతుంది. రెండోది, మచ్చ దగ్గర కోసి, అక్కడ వేరే కణజాలపు అతుకు వేయడం. పొడవు అంతగా తగ్గదు, ఎక్కువ వంపు ఉన్నవారికి అదే చేస్తారు, కాని ఆ తరువాత స్తంభన బలహీనపడే ప్రమాదం ఎక్కువ. షుగర్ ఉన్న నాకు స్తంభన ఇప్పటికి బాగుంది గనుక దాన్ని పణంగా పెట్టవద్దని ఆయన సలహా. స్తంభన కూడా సరిగా లేనివారికి ఇంప్లాంట్ వేస్తారని చెప్పారు గాని, అది నా విషయం కాదు. మొదటి దారినే ఎంచుకున్నాము.

దసరా సెలవులు కలిసి వచ్చేలా అక్టోబరు మొదటి శుక్రవారానికి తేదీ తీసుకున్నాను. ముందురోజు సాయంత్రం చేరగానే, డాక్టరు గారే వచ్చి స్కేలుతో అంగాన్ని లాగి కొలిచి, పన్నెండున్నర సెంటీమీటర్లు అని నా ఎదుటే కేసు షీటులో రాశారు. తరువాత అంతకుముందు ఎంత ఉండేదన్న వాదన రాకుండా ఉండేందుకట. అంగీకార పత్రం ఇంగ్లీషులో ఉన్నా, ఒక్కొక్క వాక్యాన్నీ తెలుగులో చెప్పి మా ఇద్దరిచేతా సంతకం పెట్టించారు: పొడవు ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గవచ్చు, కొంత వంపు మిగలవచ్చు, చివర స్పర్శ తగ్గవచ్చు, కుట్ల ముడులు చేతికి తగలవచ్చు, ముందుచర్మం తీసేయవలసి రావచ్చు. ఈ చివరిది అప్పటిదాకా మాకు తెలియదు. చర్మాన్ని వెనక్కి ఒలిచి లోపలి పొరను చేరాలి కనుక, తరువాత ముందుచర్మం బాగా వాచి ఇబ్బంది పెడుతుందని, అందుకే సున్తీ కూడా చేసేస్తామని చెప్పారు.

వెన్నులో మత్తు ఇచ్చారు. నడుము కింద ఏమీ తెలియదు గాని, మాటలు వినిపిస్తాయి. ఉప్పునీరు ఎక్కించి కృత్రిమంగా స్తంభన తెప్పించి, కుట్టు వేసి, మళ్ళీ నీరు ఎక్కించి కొలుస్తారట. "ఇంకా ఇరవై ఉంది... ఇంకొకటి వేద్దాం... ఇప్పుడు చూడు, పది" అని ఆకుపచ్చ గుడ్డ అవతల నుంచి డాక్టరు గారు అంటుంటే, "అది కూడా తీసేయండి సార్" అన్నాను. "పూర్తిగా లాగితే పొడవు పోతుంది మాస్టారూ, పది ఉంటే అడ్డం కాదు" అని ఆయన అక్కడితో ఆపారు. రెండు గంటలు పట్టింది. మరునాడు పొద్దున మూత్రపు గొట్టం తీశారు, మధ్యాహ్నానికి డిశ్చార్జి చేశారు.

రైలు వద్దనుకుని కారు మాట్లాడుకున్నాము, అయిదున్నర వేలు. సూర్యాపేట దాటాక స్పీడ్ బ్రేకర్లు ఎన్ని ఉన్నాయో ఆ రోజు తెలిసింది. తొడల కింద దిండు పెట్టుకుంటే కొంత నయం.

మొదటి వారం రాత్రులు దారుణం. మగవారికి నిద్రలో దానంతటదే స్తంభన కలుగుతుంది, దాన్ని ఆపలేం. తాజా కుట్ల మీద అది కలిగినప్పుడు మెలకువ వచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. లేచి హాలులో నాలుగు అడుగులు వేసి, చల్లటి నీళ్ళతో కాళ్ళు కడుక్కుంటే తగ్గేది. రాత్రి పడుకునే ముందు మూత్రానికి వెళ్ళడం వల్ల కూడా కొంత మేలు జరిగింది. వృషణాల దాకా వంకాయ రంగులో కమిలిపోవడం చూసి నా భార్య హడలిపోయి ఫోన్ చేస్తే, అది కిందికి దిగిన రక్తమే, రెండు వారాలలో పోతుందన్నారు, అలాగే పోయింది. పైకుట్లు వాటంతటవే రాలాయి. మూడు వారాలు బండి నడపలేదు.

కళాశాలకు ఇచ్చిన మెడికల్ సర్టిఫికెట్‌లో "యూరాలజీ శస్త్రచికిత్స" అని మాత్రమే రాయమని డాక్టరు గారిని కోరాను, అలాగే రాశారు. దాంతో అందరూ కిడ్నీలో రాళ్ళని తేల్చేశారు. ఆ వారమే సద్దుల బతుకమ్మ. సత్తుపిండి పంచడానికి వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళలో ఒకావిడ నాకోసం ప్రత్యేకంగా అరటిదవ్వ రసం చేసి తెచ్చింది, "తమ్ముడూ, పరగడుపున తాగు, రాయి ఇసకలాగా పడిపోతుంది" అని. నాలుగు రోజులు తాగాను.

ఆరు వారాలు కలయిక వద్దన్నారు. నవంబరు మూడో వారంలో చూసి, పర్వాలేదన్నారు. కొలిస్తే పదకొండు సెంటీమీటర్లు. రాతపూర్వకంగా ఒప్పుకున్నదే అయినా ఆ అంకె విన్నప్పుడు గుండె జారింది. తనకు తేడా తెలియడం లేదని నా భార్య అంటుంది, నాకు తెలుస్తుంది. చివరి భాగంలో స్పర్శ మొద్దుబారి ఉండటంతో డిసెంబరుదాకా అంతా ఎవరిదో శరీరంలా ఉండేది. ఫిబ్రవరికి దాదాపు పూర్తిగా తిరిగి వచ్చింది. దాదాపు రెండేళ్ళ తరువాత నొప్పి లేకుండా, భయం లేకుండా కలిసి ఉండగలిగాము. అందుకు ఒకటిన్నర సెంటీమీటరు ఇవ్వవలసి వస్తే మళ్ళీ ఇస్తాను.

ఆస్పత్రి బిల్లు లక్షా ముప్పై ఎనిమిది వేలు. ఇన్సూరెన్స్ వాళ్ళు లైంగిక సమస్యలకు పాలసీ వర్తించదని క్యాష్‌లెస్ నిరాకరించారు కనుక, ముందు మేమే కట్టాము. తరువాత డాక్టరు గారు, ఇది అంగపు పొరకు వచ్చిన జబ్బు అని, అంతర్జాతీయ వ్యాధుల పట్టికలో దీని సంఖ్య ఎన్ 48.6 అని, అందం కోసం చేసిన ఆపరేషన్ కాదని లెటర్‌హెడ్ మీద రాసిచ్చారు. ఆ ఉత్తరం, ఆపరేషన్‌కు ముందరి స్కానింగ్ రిపోర్టు, కొలతలున్న కేసు షీటు నకలు జతచేసి మళ్ళీ పంపితే, మూడు నెలలు తిప్పి, ఫిబ్రవరిలో తొంభై ఆరు వేలు ఇచ్చారు. డిశ్చార్జి కాగితంలోనే ఆ సంఖ్య వేయించుకుని ఉంటే అంత ఆలస్యం అయ్యేది కాదని ఇన్సూరెన్స్ ఆఫీసులోని గుమస్తాయే చెప్పాడు. స్కానింగులు, ఇంజెక్షన్లు, పరికరం, ప్రయాణాల ఖర్చు మాత్రం తిరిగి రాలేదు.

కింది వైపు చర్మం కింద కుట్ల ముడులు ఇప్పటికీ బియ్యపు గింజల్లా తగులుతాయి. అవి కరగని దారంతో వేసినవి, అలాగే ఉంటాయి, నొప్పి లేదు. మచ్చ కూడా ఉన్నచోటే ఉంది, దాన్ని తీయలేదు. షుగర్ పరీక్ష మూడు నెలలకొకసారి చేయించుకుంటున్నాను. ఈ మధ్య ఎడమ అరచేతిలో, ఉంగరపు వేలి మొదట్లో, చిన్న గడ్డ తగులుతోంది. డాక్టరు గారికి చూపిస్తే, వేలు బల్ల మీద చదునుగా ఆనినంత కాలం ఏమీ చేయనక్కర్లేదని, ఆనడం మానేసిన రోజు చేతి సర్జన్‌ను కలవమని చెప్పారు.